గుడి తేలింది, గీత తేలలేదు

1908 ఆగస్టులో పారిస్‌లో ఉన్న సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాయబారి బాంకాక్‌లోని తమ విదేశాంగ మంత్రికి ఒక ఉత్తరం రాశాడు. ఫ్రెంచివాళ్లు తయారుచేసిన సరిహద్దు పటాలు అచ్చయి వచ్చాయనీ, మొత్తం 11 పటాలనీ, ఒక్కొక్కటి 50 ప్రతులు చేతికందాయనీ దాని సారాంశం. రెండేసి ప్రతులు తన దగ్గర అట్టేపెట్టుకొని, లండన్, బెర్లిన్, రష్యా, అమెరికాల్లోని తమ దౌత్య కార్యాలయాలకు ఒక్కొక్కటి పంపి, మిగిలినవి స్వదేశానికి రవాణా చేస్తున్నానన్నాడు. బాంకాక్‌లో వాటిని అందుకున్న హోం మంత్రి దామ్రోంగ్ రాకుమారుడు ఫ్రెంచి ప్రతినిధికి కృతజ్ఞతలు చెప్పి, రాష్ట్రాల గవర్నర్లకు పంచాలి, ఇంకో 15 ప్రతులు ఇప్పించండని అడిగాడు. అభ్యంతరమంటూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఆ 11లో ఒకటి డాంగ్రెక్ కొండల పటం. అందులో కొండ అంచున ఒక గుడి గుర్తు ఉంది. సరిహద్దు గీత ఆ గుడికి ఉత్తరంగా వంపు తిరిగి పోతుంది. అంటే గుడి అప్పట్లో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న కంబోడియాలో పడింది. 54 ఏళ్లకు ఆ గుడి మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయినా 1908 నాటి పటాలు కొట్లాటను ఇప్పటికీ తేలకుండానే ఉంచాయి. 2025లో ఆ కొండల మీదుగా యుద్ధ విమానాలు ఎగిరాయి, రాకెట్లు పడ్డాయి, లక్షల మంది ఇళ్లు వదిలి శిబిరాలకు పోయారు.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గొలుసు, క్రాస్‌స్టాఫ్‌లతో మొదలుపెట్టి థియోడలైట్ దాకా అన్నీ మోశాను. హద్దురాయి పీకేసిన చేలూ, గట్టు తరిగి తరిగి చివరికి పలుగులు ఎత్తిన అన్నదమ్ములూ నాకు కొత్త కాదు. థాయ్‌లాండ్, కంబోడియాల తగాదా గురించి చదివినవాళ్లు దేశాభిమానం గురించీ, రాజకీయ నాయకుల గురించీ చెబుతారు. అవి ఉన్నాయి, కాదనను. కానీ ఆ కాగితాలన్నీ వరసగా చదివాక నాకు కనబడింది మాత్రం సగంలో ఆపేసిన ఒక సర్వే.

ముందు గుడి సంగతి. కంబోడియావాళ్లు దాన్ని ప్రేహ్ విహార్ అంటారు, థాయ్‌లు ఖావ్ ఫ్రా విహాన్ అంటారు. కట్టించినవాళ్లు ఖ్మేర్ రాజులు. కొలువైనవాడు శివుడు, శాసనాల్లో ఆయన పేరు శిఖరేశ్వరుడు. తొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఒక ఆశ్రమం వెలిసింది. ఇప్పుడు మనం చూసే రాతి కట్టడంలో ఎక్కువ భాగం పదకొండో శతాబ్దపు మొదటి సగంలో, మొదటి సూర్యవర్మ కాలంలో లేచింది. ఆంకోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మ కాలంలో మరికొంత చేర్చారు. ఖ్మేర్ ఆలయాలు మామూలుగా తూర్పు ముఖంగా ఉంటాయి. ఇది మాత్రం ఉత్తర దక్షిణాలుగా దాదాపు 800 మీటర్ల పొడవున సాగుతుంది. ఉత్తరాన మెట్లు మొదలవుతాయి. ఒక గోపుర ద్వారం, దాని వెనక రాళ్లు పరిచిన దారి, మళ్లీ మెట్లు, మళ్లీ గోపుర ద్వారం. అలా ఎక్కుకుంటూ పోతే చిట్టచివర గర్భగుడి. దాని వెనక నేల లేదు. నిలువునా తెగిన కొండ, 500 మీటర్లకు పైగా దిగువన కంబోడియా మైదానం.

మేము 2018లో వెళ్లాం. కంబోడియా వైపు స్రా ఎమ్ అనే ఊరు దాటాక కొండ కింద టికెట్లు తీసుకొని పికప్ బండిలో ఎక్కాం. సిమెంటు రోడ్డే గానీ, బండి వెనక్కి జారుతుందేమో అనిపించేంత ఏటవాలు. పైన ఇసుక బస్తాల గూళ్లు, వాటి పక్కన సిపాయిల బట్టలు ఆరేసిన తీగలు. ఉత్తరాన థాయ్ వైపు పోయే దారి మూసేసి ఉంది. ఎదురుగా కొండ అంచు మీద వాళ్ల జెండా కనిపిస్తోంది. మా ఆవిడ ఒక గోపురం మీద క్షీరసాగర మథనం చెక్కడం చూసి, వాసుకిని పట్టుకున్న దేవతలనూ రాక్షసులనూ వేలితో లెక్కపెడుతూ చాలాసేపు నిలబడిపోయింది. తరువాత కింద మెట్ల వైపు చూసి, "ఏమండీ, మెట్లేమో వాళ్ల వైపు, గుడేమో వీళ్ల వైపా?" అని అడిగింది. మొత్తం తగాదా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

అప్పుడే వాన మొదలైంది. నేను గోపురం నీడలో నిలబడి నీళ్లనే చూశాను. గర్భగుడి ముంగిట పడిన వాన వెనకనున్న లోయ వైపు పోలేదు. రాళ్ల సందుల్లోంచి ఉత్తరానికి మళ్లి, దారి పొడవునా జారి, మెట్లమీద పాయలు పాయలుగా దిగిపోయింది. దక్షిణాన కొండ కొమ్ము ఎత్తు, ఉత్తరానికి వాలు. గొలుసు పట్టినవాడికి ఇది చూడగానే తెలుస్తుంది.

ఆ వాలుకు ఎందుకంత విలువంటే, 1904 ఫిబ్రవరి 13న ఫ్రాన్సు, సియాం చేసుకున్న ఒడంబడికలో సరిహద్దు ఎక్కడని రాశారో చూడాలి. డాంగ్రెక్ కొండల్లో నీళ్లు విడిపోయే మిట్టే సరిహద్దు అన్నారు. సెన్, మెకాంగ్ నదుల్లోకి పోయే నీళ్లు ఒకవైపు, మూన్ నదిలోకి పోయేవి ఇంకోవైపు. దాన్ని నేల మీద గుర్తించడానికి ఇద్దరూ కలిసి ఒక సంఘం వేశారు. ఫ్రెంచి వైపు పెద్ద కర్నల్ బెర్నార్. 1906 డిసెంబరులో సంఘం సమావేశమై కొండలెక్కింది. ప్రేహ్ విహార్ ఉన్న తూర్పు భాగాన్ని సర్వే చెయ్యమని ఊమ్ అనే ఫ్రెంచి కెప్టెన్‌కు అప్పగించారు. ఆ తరువాత సంఘం సమావేశపు పుస్తకంలో ఈ భాగం గురించి ఒక తీర్మానం గానీ, సంతకం గానీ కనబడవు. 1907 జనవరి 19 తరువాత పుస్తకమే ముందుకు సాగలేదు. ఇంతలో మార్చిలో మరో ఒడంబడిక వచ్చింది. బట్టంబాంగ్, సియెం రీప్, సిసొఫోన్ ఫ్రెంచివాళ్లకు పోయాయి, ఆంకోర్ వాటితోనే పోయింది. ఎవరి మనసూ ఒక కొండకొమ్ము మీద నిలవలేదు.

తమ దగ్గర తగిన సాంకేతిక సిబ్బంది లేక, పటాలు మీరే గీయించండని సియాం ఫ్రాన్సును అడిగింది. ఎదుటి కక్షిదారుడి సర్వేయరు చేత మన పొలం కొలిపించుకోవడమంటే ఏమిటో మన పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. నలుగురు ఫ్రెంచి అధికారులు పని చేశారు. డాంగ్రెక్ పటం కెర్లర్, ఊమ్ అనే కెప్టెన్ల చేతి మీదుగా వచ్చింది. దాని స్కేలు రెండు లక్షలకు ఒకటి, అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద రెండు కిలోమీటర్లు. అరమిల్లీమీటరు మందం గీత నేలమీద వంద మీటర్ల వెడల్పు పట్టా అవుతుంది. అటువంటి పటం మీద ఒక గుడి ఎటు పడుతుందో తేల్చాలంటే పటాన్ని నమ్మితే చాలదు, అక్కడికెళ్లి రాయి పాతాలి. పాతలేదు. పశ్చిమాన చాంగ్ సా-ఙమ్ కనుమ నుంచి సముద్రం దాకా 73 సరిహద్దు రాళ్లు నాటారు. అక్కడి నుంచి తూర్పుకు, ప్రేహ్ విహార్ మీదుగా లావోస్ కొస దాకా, సుమారు 195 కిలోమీటర్ల మేర ఒక్క రాయి లేదు. నీళ్ల మిట్ట కంటికి కనబడుతుంది కదా, రాయెందుకు అనుకున్నారు.

1930లో జరిగిన ఒక సంగతి ఈ కథలో అన్నిటికన్నా ఎక్కువగా నన్ను కదిలించింది. అప్పటికి దామ్రోంగ్ రాకుమారుడు మంత్రి కాదు. రాయల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు, పురాతన కట్టడాల బాధ్యత ఆయనదే. రాజుగారి అనుమతితో, కూతుళ్లను వెంటబెట్టుకొని ప్రేహ్ విహార్ చూడ్డానికి వచ్చాడు. కొండమీద ఆయనకు స్వాగతం చెప్పింది ఎవరు? పక్క కంబోడియా రాష్ట్రపు ఫ్రెంచి రెసిడెంటు. యూనిఫాం తొడుక్కొని, ఫ్రెంచి జెండా ఎగరేసి, ఇంటి యజమాని అతిథిని ఆహ్వానించినట్టు ఆహ్వానించాడు. రాకుమారుడు మర్యాదగా చూసి, మర్యాదగా తిరిగి వెళ్లి, ఆ ఫోటోలు కూడా రెసిడెంటుకు పంపాడు. తరువాత ఎంతోకాలానికి ఆయన కూతురు కోర్టుకిచ్చిన వాంగ్మూలంలో చెప్పింది: అప్పట్లో నోరెత్తితే ఇంకాస్త నేల లాక్కోవడానికి ఫ్రెంచివాళ్లకు సాకు ఇచ్చినట్టేనని అందరికీ తెలుసని. 1893లో ఫ్రెంచి తుపాకీ పడవలు చావో ఫ్రయా నదిలోకి వచ్చి నిలబడ్డ సంగతి ఆ తరానికి మరపు రాలేదు. ఆ మాటలు చదివినప్పుడు నాకు ఎందరో చిన్న రైతులు గుర్తొచ్చారు. పెద్ద కామందు గట్టు జరుపుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లు, వాళ్లు ఒప్పుకున్నట్టా?

కోర్టు ముందు నిలిచిన ప్రశ్న సరిగ్గా అదే. అక్కడికి రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1934-35లో సియాం సొంతంగా సర్వే చేసి, నీళ్ల మిట్టకూ పటంలోని గీతకూ తేడా ఉందని కనుక్కుంది. కనుక్కొని కూడా గుడిని కంబోడియాలో చూపించే పటాలే అచ్చువేస్తూ పోయింది. 1947లో వాషింగ్టన్‌లో సరిహద్దు ఫిర్యాదులు వినే సంఘం కూర్చున్నప్పుడు ఎన్నో అడిగింది, ప్రేహ్ విహార్ గురించి మాత్రం అడగలేదు. మరోపక్క గుడికి కాపలావాళ్లను మాత్రం పెట్టింది. 1949 నుంచి ఫ్రాన్సు నిరసన ఉత్తరాలు రాస్తూనే ఉంది, జవాబు లేదు. 1953లో కంబోడియా స్వతంత్రమైంది, మరుసటి ఏడే థాయ్ బలగాలు గుడిలో కూర్చున్నాయి. మాటలు విఫలమై 1959 అక్టోబరులో కంబోడియా హేగ్ తలుపు తట్టింది.

కంబోడియా తరఫున వాదించినవాళ్లలో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి డీన్ ఎచెసన్ ఉన్నాడు. థాయ్‌లాండ్ తరఫున మాజీ ప్రధాని సేనీ ప్రామోజ్ నిలబడ్డాడు. నీళ్ల మిట్ట ఎక్కడుందన్నదాని మీద ఇరుపక్షాల నిపుణులూ వాదించారు, కొండ మీద ఒక చిన్న వాగు ఎటు పారుతుందో తేల్చడానికి సాక్షుల్ని ప్రశ్నించారు. 1962 జూన్ 15న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. నీళ్లు ఎటు పారినా మాకు అవసరం లేదు, 1908లో పటం అందుకున్నారు, యాభై ఏళ్లు ఆక్షేపించలేదు, దానివల్ల వచ్చిన సుస్థిరతను అనుభవించారు, ఇప్పుడు కాదనడానికి వీల్లేదన్నది తీర్పు. గుడి కంబోడియా నేల మీదే ఉంది, థాయ్ సైనికులు వెళ్లిపోవాలి. భిన్నాభిప్రాయం రాసిన ముగ్గురిలో ఆస్ట్రేలియాకు చెందిన సర్ పెర్సీ స్పెండర్ ఒడంబడిక మాట పట్టుకొని, మిట్ట ఎక్కడుంటే సరిహద్దు అక్కడే, గుడి థాయ్‌లాండ్‌దే అన్నాడు.

ఆ ముగ్గురి మాటా చదివాను. వాన నీళ్లు కూడా కళ్లారా చూశాను. అయినా నా ఓటు తొమ్మిది మందికే. మా శాఖకు ఆధారమైన 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం అదే చెబుతుంది. హద్దు నిర్ణయించి, నోటీసిచ్చి, ప్రకటించాక గడువులోగా ఎవరూ కోర్టుకు పోకపోతే ఆ హద్దే ఖాయం. కొలతలో తేడా ఉండొచ్చు. అయినా ప్రతి తరమూ పాత గీతను తిరగదోడితే ఏ ఊళ్లోనూ ఎవరూ నాగలి పట్టలేరు. సియాం భయపడి నోరు మూసుకుందన్నది నిజం, దానికి నా గుండె కరుగుతుంది. కానీ ఫ్రెంచివాళ్లు పోయాక 1954లో ఎదురుగా ఉన్నది తుపాకీ పడవల సామ్రాజ్యం కాదు, ఏడాది క్రితం స్వతంత్రమైన చిన్న దేశం. పాత భయానికి పరిహారం దానిదగ్గర వసూలు చెయ్యడం న్యాయం కాదు.

నా బాధ ఆ తీర్పు ఇచ్చినదాని గురించి కాదు, ఇవ్వనిదాని గురించి. పటానికీ, గీతకూ ఉన్న చట్టబలం కూడా తేల్చండని కంబోడియా వాదన చివర్లో అడిగింది. కోర్టు ఆ భాగాన్ని తన ఆదేశంలో చేర్చలేదు. పటాన్ని కారణంగా వాడుకుంది, పటం మీది గీతను మాత్రం ఆదేశంగా రాయలేదు. గుడి నుంచీ దాని పరిసరాల నుంచీ సైన్యం పోవాలంది. పరిసరాలంటే ఎన్ని అడుగులు? ఎవరూ చెప్పలేదు. తీర్పును ఒప్పుకోం గానీ పాటిస్తాం అంది థాయ్ ప్రభుత్వం. జెండాను దించకుండా, ఎగురుతున్నది ఎగురుతున్నట్టే స్తంభంతో సహా పెకలించి, ఎదురుగా ఉన్న మో ఈ డాంగ్ కొండ అంచుకు మోసుకుపోయింది. నేను చూసిన జెండా ఆ కొండ అంచున ఉన్నదే. గుడి చుట్టూ పావు చదరపు కిలోమీటరు చాలనుకొని ముళ్లకంచె వేసింది. పటం గీతకూ ఆ కంచెకూ మధ్య మిగిలిన నేల 4.6 చదరపు కిలోమీటర్లని తరువాత రోజుల్లో లెక్కతేలింది. 1963 జనవరిలో కంబోడియా అధినేత సిహనూక్ తమ వైపు కొండ చరియ నడిచి ఎక్కి, వేడుక చేసి, థాయ్‌లు వీసా లేకుండా వచ్చి గుడి చూసుకోవచ్చన్నాడు. ఆ మంచి మాట దగ్గరే కూర్చొని ఒక్క ఏడాది కష్టపడి రాళ్లు పాతి ఉంటే అయిపోయేది.

అంతలో కంబోడియా అగ్నిగుండమైంది. 1975 ఏప్రిల్‌లో రాజధాని ఖ్మేర్ రూజ్ తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా, ఈ కొండమీద పాత ప్రభుత్వపు సిపాయిలు మే 22 దాకా నిలబడ్డారు. 1979 జూన్‌లో ప్రాణాలు కాపాడుకోవడానికి తమ దేశంలోకి వచ్చిన నలభై వేలకు పైగా కంబోడియన్లను థాయ్ సైన్యం బస్సుల్లో ఈ గుడి దగ్గరికి తెచ్చి, కొండ చరియ మీద నుంచి కిందికి తరిమింది. కింద మందుపాతరలు. వెనక్కి ఎక్కబోయినవాళ్ల మీద కాల్పులు. ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు, దాహంతో అల్లాడుతూ, ముందు నడిచినవాళ్లు ఎక్కడ అడుగు వేశారో అక్కడే అడుగులు వేసుకుంటూ దిగారు. చాలామంది దిగలేదు. గుడి వెనక అంచున నిలబడి కిందికి చూసినప్పుడు మా గైడు ఆ చోటు చూపించి, ఏమీ వివరించకుండా టోపీ తీశాడు. ఆ కొండకొమ్ము ఎవరిదన్న వాదంలో ఈ మనుషుల ప్రస్తావన ఏ పక్షమూ తేదు.

2008 జులై 7న యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొదట థాయ్ విదేశాంగ మంత్రి నోప్పడోన్ పట్టమ అందుకు మద్దతుగా సంతకం చేశాడు. బాంకాక్‌లో గగ్గోలు పుట్టి, రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టి, అతను రాజీనామా చేశాడు. వారం తిరక్కముందే ఆ 4.6 చదరపు కిలోమీటర్లలో సైన్యాలు ఎదురుబొదురుగా గుడారాలు వేశాయి. 2011 ఫిబ్రవరిలో నాలుగు రోజులు గుండ్లు పడ్డాయి, గుడి రాళ్లకూ తగిలాయి. కంబోడియా మళ్లీ హేగ్ పోయింది. 2013 నవంబరు 11న కోర్టు ఏకగ్రీవంగా, 1962లో మేమన్నది ఆ కొండకొమ్ము మొత్తమని విడమరచింది. తూర్పున, దక్షిణాన చరియ, ఉత్తరాన పటం గీత, వాయవ్యాన లోయ. లోయ అవతలి కొండ, మిగతా సరిహద్దు? వాటిలోకి పోలేదు. యాభై ఏళ్లకు కోర్టు ఇంకో నాలుగు రాళ్లు పాతింది, అంతే.

ఇప్పటికీ కంబోడియా రెండు లక్షలకు ఒకటి పటం పట్టుకుంటుంది, థాయ్‌లాండ్ యాభై వేలకు ఒకటి పటం పట్టుకుంటుంది. 2000లో ఇద్దరూ ఒక అవగాహన పత్రం రాసుకున్నారు, ఉమ్మడి సరిహద్దు సంఘం ఉంది, అది అప్పుడప్పుడు కూర్చుంటుంది. 2025 మేలో ఒక కంబోడియా సిపాయి చనిపోయాడు. జూన్‌లో కంబోడియా మాజీ ప్రధాని హున్ సేన్‌తో మాట్లాడిన ఫోను బయటికి పొక్కి, థాయ్ ప్రధాని పేతోంగ్‌తార్న్ షినవత్ర పదవి పోగొట్టుకుంది. జులై 24 నుంచి అయిదు రోజుల యుద్ధంలో నలభై మందికి పైగా పోయారు, మూడు లక్షల మంది దాకా ఊళ్లు వదిలారు. మలేషియాలో జరిగిన చర్చలతో ఆగింది, డిసెంబరులో మళ్లీ రాజుకుంది, 27న మళ్లీ ఆగింది. ఆ గుడిని కాపాడే అంతర్జాతీయ సంఘానికి చైనాతో పాటు మన దేశం కూడా సహాధ్యక్షురాలు. శిఖరేశ్వరుడి గోడ కూలితే అది మన ఇంటి పని కూడా.

కంబోడియా మరికొన్ని చోట్లకు హేగ్ తీర్పు కావాలంటోంది. థాయ్‌లాండ్ ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోనంటోంది, ఇద్దరమే కూర్చొని తేల్చుకుందామంటోంది. ఎవరు తేల్చినా నాకు అభ్యంతరం లేదు. కానీ రాళ్లు లేని ఆ 195 కిలోమీటర్ల మీద ముందుగా మందుపాతరలు తీసే మనుషులు నడవాలి, వాళ్ల వెనక రెండు దేశాల సర్వేయర్లు ఒకే గొలుసు పట్టుకొని నడవాలి. గుడి ఉన్న కొండకొమ్ము జోలికి పోనక్కర్లేదు, అది తీర్పయిపోయింది. మిగతా చోట్ల రెండు పటాలూ పక్కపక్కన పరిచి, తేడా వచ్చిన ప్రతి చోటా ఇద్దరూ సంతకం చేసి, సంతకం ఆరకముందే రాయి పాతాలి. 1907 జనవరిలో ఆగిపోయిన సమావేశపు పుస్తకంలో తరువాతి పేజీ అదే.